డాబా మీది పాత డిష్‌ను తుక్కుకు వేసేముందు

సంగారెడ్డి జిల్లాలో జహీరాబాద్ దాటి బీదర్ వైపు వెళ్తే న్యాల్‌కల్ మండలం వస్తుంది. కర్ణాటకను ఆనుకుని ఉన్న ఈ పల్లెల్లో తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ నాలుగూ వినిపిస్తాయి. ఇలాంటి సరిహద్దు ఊళ్లలో కేబుల్ టీవీ నడిపేవాళ్లకు ఒకప్పుడు ఒక్క డిష్ సరిపోయేది కాదు. తెలుగు ఛానళ్లు ఒక ఉపగ్రహం మీద వచ్చేవి, హిందీవి మరోదాని మీద, కన్నడవి ఇంకోదాని మీద. ఒక్కో ఉపగ్రహానికి ఒక్కో డిష్ కావాలి. పది, పన్నెండు అడుగుల అల్యూమినియం జాలీ డిష్‌లు డాబాల మీదికి అలా ఎక్కాయి. వాటిలో మిగిలినవి ఇప్పుడు బోల్టులు తుప్పు పట్టి, జాలీలో చెత్త ఇరుక్కుని, సిగ్నల్‌ను అందుకుని రిసీవర్‌కు పంపే ఎల్‌ఎన్‌బీ తీగ తెగి అలాగే నిలబడి ఉన్నాయి. ఇల్లు మరమ్మతుకు వచ్చిన రోజో, పైన ఇంకో అంతస్తు వేసే రోజో వాటికి గడువు తీరుతుంది. గ్యాస్ కట్టర్‌తో ముక్కలు చేస్తారు. పాత సామాన్ల బండివాడు కిలోల లెక్కన తూకం వేసుకుని పోతాడు.

తూకంలో పోయేది అల్యూమినియం ఒక్కటే కాదు. ఆ డిష్‌లో అసలు విలువంతా దాని వంపులో ఉంది. కొన్ని మిల్లీమీటర్ల తేడా కూడా లేకుండా మూడున్నర మీటర్ల వెడల్పున ఆ వంపును మళ్లీ తయారుచేయాలంటే చిన్న ఊరి వర్క్‌షాపుకు సాధ్యం కాదు. దించే పద్ధతి తెలిస్తే మాత్రం ఉన్నదాన్ని కాపాడుకోవడం నలుగురు మనుషులకు ఒక పూట పని.

ఈ డిష్‌లు మన ఊళ్లకు రావడానికి కారణమైన ఉపగ్రహం కథ తెలుసుకోవాల్సినది. 1984 ఫిబ్రవరిలో ఛాలెంజర్ స్పేస్ షటిల్ నుంచి వెస్టార్-6 అనే అమెరికా సమాచార ఉపగ్రహాన్ని వదిలారు. దాని రాకెట్ సరిగా మండక పనికిరాని కక్ష్యలో చిక్కుకుంది. అదే ఏడాది నవంబరులో డిస్కవరీ షటిల్‌లో వెళ్లిన జో అలెన్, డేల్ గార్డ్‌నర్ అనే వ్యోమగాములు షటిల్ బయటికి వచ్చి, దాన్ని పట్టుకుని, సరుకు పెట్టే చోట సర్ది భూమికి తెచ్చారు. ‘అమ్మకానికి’ అని రాసిన అట్టను పట్టుకుని వాళ్లు అంతరిక్షంలోనే ఫొటో దిగారు. నిజంగానే దాన్ని అమ్మారు. బాగుచేసి, ఏషియాశాట్-1 అని కొత్త పేరు పెట్టి, 1990 ఏప్రిల్‌లో చైనా లాంగ్ మార్చ్ రాకెట్ మీద మళ్లీ పంపారు. 1991లో స్టార్ టీవీ ఆ ఉపగ్రహం మీదే మొదలైంది. 1992 అక్టోబరు 2న జీ టీవీ కూడా దానిమీదే వచ్చింది. పాడైపోయిందనుకుని వదిలేయకుండా దించి తెచ్చిన ఉపగ్రహమే మన దేశంలో కేబుల్ యుగానికి తలుపు తీసింది. అలాంటప్పుడు దాని సిగ్నల్ పట్టిన డిష్‌ను ఒక డాబా మీంచి దించి బాగుచేసుకోవడం మనకు పెద్ద పనేమీ కాదు.

ఆ ఉపగ్రహం తూర్పు రేఖాంశం 105.5 డిగ్రీల దగ్గర, భూమధ్యరేఖకు 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉండేది. న్యాల్‌కల్ నుంచి చూస్తే అది ఆగ్నేయానికి కాస్త తూర్పుగా, నేల నుంచి దాదాపు 52 డిగ్రీల ఎత్తులో ఉన్నట్టు. అందులో ఒక్కో ట్రాన్స్‌పాండర్ పంపే శక్తి పది వాట్ల లోపే, అంటే ఇంట్లో వెలిగే ఎల్‌ఈడీ బల్బు తీసుకునేంత. ఆ కొద్దిపాటి శక్తి సగం ఆసియా మీద పరుచుకుని మన డాబా మీదికి చేరేది. డిష్ అంత పెద్దగా ఉండాల్సి వచ్చింది అందుకే. పన్నెండు అడుగుల డిష్ 4 గిగాహెర్ట్జ్ దగ్గర సిగ్నల్‌ను సుమారు పద్నాలుగు వేల రెట్లు పోగుచేస్తుంది. 1995లో ఈటీవీ, జెమిని రావడంతో తెలుగు ఊళ్లలో ఈ డిష్‌ల గిరాకీ ఇంకా పెరిగింది.

నిజానికి తెలుగు పల్లె డిష్‌ను చూడడం అంతకు చాలా ముందే జరిగింది. విక్రమ్ సారాభాయ్ చొరవతో 1969లో నాసాతో కుదిరిన ఒప్పందం ప్రకారం, 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా ‘సైట్’ ప్రయోగం నడిచింది. నాసా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాది పాటు మనకు ఇచ్చింది. ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీలు వెళ్లాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ పల్లెలున్నాయి, న్యాల్‌కల్‌కు పడమటి దిక్కున ఉన్న గుల్బర్గా జిల్లా పల్లెలూ ఉన్నాయి. ఆ సెట్లను హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ తయారుచేసింది. తెలుగు కార్యక్రమాలు హైదరాబాద్ కేంద్రంలో తయారయ్యేవి. పొద్దున బడిపిల్లలకు గంటన్నర, సాయంత్రం ఊరందరికీ రెండున్నర గంటలు. ప్రతి పల్లెలో మూడు మీటర్ల డిష్ పెట్టారు. దాన్ని కోళ్లగూటికి కొట్టే తీగజాలీతోనే చేశారు. 860 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 35 సెంటీమీటర్లు. అంత పొడవైన తరంగానికి అంగుళం కన్నాలున్న జాలీ కూడా నిండు రేకుతో సమానం.

అదే 1975లో ఇస్రో ఇంజినీర్లు కొలంబో వెళ్లి ఆర్థర్ సి. క్లార్క్ ఇంటి దగ్గర ఒక పెద్ద డిష్ బిగించి వచ్చారు. భూమితో సమానంగా తిరుగుతూ ఒకేచోట నిలబడ్డట్టు కనిపించే ఉపగ్రహాలతో ప్రపంచమంతా సమాచారం పంపవచ్చని 1945లోనే వ్యాసం రాసిన మనిషి ఆయన. శ్రీలంకలో అప్పటికి టీవీయే లేదు. తన ఊహ నిజమై బొమ్మగా కనిపించడం క్లార్క్ మన ఇస్రో డిష్ ముందు కూర్చుని చూశారు.

డాబాల మీది కేబుల్ డిష్‌లు చివరికి మూగబోవడానికి రెండు కారణాలు. 2003లో డిష్ టీవీ, 2004 చివర్లో దూరదర్శన్ డీటీహెచ్ వచ్చాయి. కేయూ బ్యాండ్‌లో పంపే బలమైన సిగ్నల్‌కు రెండడుగుల డిష్ చాలు. రెండోది కేబుల్ డిజిటలీకరణ. 2012లో మహానగరాల్లో మొదలై 2017 మార్చి నాటికి పల్లెల దాకా చేరింది. ఊరి ఆపరేటరు సొంతంగా సిగ్నల్ పట్టే పని పోయింది, పెద్ద సంస్థ నుంచి ఫైబర్ తీగలో ఛానళ్లన్నీ ఒకేసారి వచ్చేశాయి. కంట్రోల్ రూమ్‌లో రిసీవర్ల వరుస, డాబా మీద డిష్‌ల వరుస ఒకేసారి పక్కకు పోయాయి.

ఇక దించే పని. మొదట అడగాల్సింది అది ఎవరిదని. అద్దె డాబా మీద ఆపరేటరు పెట్టుకున్న డిష్ ఇంటి యజమానిది కాకపోవచ్చు. ఇద్దరినీ అడిగి, ఒక కాగితం మీద రాయించుకుంటే మంచిది. ఇస్తామంటే పానా పట్టుకునే ముందు టేపు, సుద్దముక్క, ఫోన్ కెమెరా పట్టుకోవాలి.

డిష్ అంచున ఒక చివరి నుంచి ఎదుటి చివరికి పురికొస బిగించి కట్టాలి. దానికి అడ్డంగా ఇంకోటి కట్టాలి. రెండు దారాలూ మధ్యలో ఒకదాన్నొకటి తాకీ తాకనట్టు ఉంటే అంచు సమంగా ఉన్నట్టు. మధ్యలో వేలు దూరేంత సందు ఉన్నా, ఒక దారం ఇంకోదాన్ని నొక్కుతున్నా డిష్ మెలితిరిగినట్టు. ఆ మెలిక ఎక్కువసార్లు బోల్టులు వదులై వచ్చిందే, మళ్లీ బిగిస్తే పోతుంది. తర్వాత దారాలు కలిసే చోటు నుంచి డిష్ అడుగుదాకా లోతు కొలవాలి. వెడల్పును వెడల్పుతో గుణించి, దాన్ని లోతుకు పదహారు రెట్లతో భాగిస్తే నాభి దూరం వస్తుంది. 366 సెంటీమీటర్ల వెడల్పు, 56 సెంటీమీటర్ల లోతు ఉన్న డిష్‌కు అది సుమారు 150 సెంటీమీటర్లు. డిష్ పోగుచేసిన సిగ్నల్‌ను ఎల్‌ఎన్‌బీలోకి పంపే ఫీడ్ హార్న్ మూతి ఉండాల్సింది అక్కడ. పదో తరగతి దాటి ఇంటర్ గణితంలో పరావలయం చదివే పిల్లలకు ఇంతకంటే మంచి లెక్క పుస్తకంలో దొరకదు.

కొలతలు రాసుకున్నాక ప్రతి పలకకూ, ప్రతి రిబ్బుకూ పెయింటుతో వరుస నంబరు వేయాలి. ఇది తప్పనిసరి. అన్ని పలకలూ ఒకేలా కనిపిస్తాయి, కానీ ఇరవై ఏళ్లు ఎండకూ గాలికీ నిలబడ్డాక ఏ పలక కన్నాలు ఆ పలక రిబ్బుకే సరిపోతాయి. నంబరు లేకుండా దించిన డిష్‌ను తిరిగి బిగించేటప్పుడు కన్నాలు కలవక, సుత్తితో కొట్టి కలపబోయి వంపు పాడుచేసుకున్నవాళ్లే ఎక్కువ.

తుప్పు పట్టిన బోల్టులకు ముందు రోజు సాయంత్రమే కిరోసిన్‌లో ఇంజిన్ ఆయిల్ కలిపి పోసి వదలాలి. తెల్లారాక చాలావరకు కదులుతాయి. కదలనివాటిని హాక్సా బ్లేడుతో కోయాలి. గ్యాస్ కట్టర్ జోలికి పోకూడదు. ఆ వేడికి అల్యూమినియం పలక మెలిపడుతుంది. ఒకసారి అలా తిరిగిన పలక మళ్లీ అసలు వంపుకు రాదు. పది రూపాయల బోల్టును కాపాడబోయి రిబ్బును పాడుచేయడం దండగ. కోసిన బోల్టు స్థానంలో కొత్తది వేసుకుంటే సరిపోతుంది.

గాలిని తక్కువ అంచనా వేయకూడదు. పన్నెండు అడుగుల డిష్ ముఖం పదిన్నర చదరపు మీటర్లు. గంటకు వంద కిలోమీటర్ల ఈదురుగాలి ఎదురుగా తగిలితే నిండు రేకు డిష్ మీద అయిదారు వందల కిలోల తోపుడు పడుతుంది. జాలీ డిష్‌కు ఇది తగ్గుతుంది కానీ పోదు. ఎండాకాలం మధ్యాహ్నాల్లో హఠాత్తుగా లేచే గాలిదుమారాన్ని ఈ ప్రాంతంవాళ్లకు చెప్పనక్కర్లేదు. అందుకే పని పొద్దున్నే మొదలుపెట్టి ఎండ ముదరకముందే ముగించాలి. మబ్బు పట్టినా, దూరంగా ఉరిమినా ఆ రోజుకు పని ఆపేయాలి.

ముందుగా తీగలు విప్పాలి. రిసీవర్ ఇంకా కరెంటులో ఉంటే ఎల్‌ఎన్‌బీ తీగలో 13 నుంచి 18 వోల్టులు ఉంటాయి. డిష్‌ను తిప్పే మోటారు ఉంటే దానికి 36 వోల్టుల దాకా ఉంటుంది. ఫీడ్ హార్న్ లోపల కందిరీగలు గూడు కట్టుకోవడం మామూలే, చెయ్యి పెట్టేముందు తొంగిచూడాలి. తర్వాత డిష్‌ను మెల్లగా తిప్పి ముఖం ఆకాశం వైపు పెట్టి, మోకులతో నాలుగు వైపులా కట్టేయాలి. ఇలా వెల్లకిలా ఉన్నప్పుడు గాలికి పట్టు దొరకదు. ఆ తర్వాతే ఫీడు, దాని కాళ్లు, చివరగా పలకలు. పలకలను ఒకే పక్క నుంచి వరసగా విప్పుకుంటూ పోతే బరువు ఒకవైపు పడి మొత్తం వాలిపోతుంది. ఒకటి తీస్తే దానికి ఎదురుది తీయాలి. విప్పిన పలకను కిందికి విసరకూడదు. తాడు కట్టి, నిలువుగా, గోడకు తగలకుండా దించాలి.

అన్నింటికంటే ప్రాణం మీదికి వచ్చేది కరెంటు తీగ. పాత డాబాలకు చాలాచోట్ల పిట్టగోడలుండవు, పక్కనే వీధి లైను ఉంటుంది. ఒకప్పుడు దూరంగా ఉన్న 11 కేవీ లైను ఊరు పెరిగాక మేడ దగ్గరికే వచ్చేసి ఉండొచ్చు. ఆరడుగుల అల్యూమినియం పలక చేతిలో ఉన్న మనిషి ఆ వైపు తిరిగితే చాలు. లైను ఉన్న దిక్కున పలకలు దించకూడదు. వేరే దారి లేకపోతే కరెంటు ఆఫీసుకు చెప్పి సప్లయి ఆపించాకే ముట్టుకోవాలి.

నాలుగు పెద్ద రేకుల్లా విడిపోయే ఫైబర్ గ్లాస్ డిష్‌లు కూడా కొన్ని ఉన్నాయి. వాటి లోపల లోహపు పొర ఉంటుంది. వాటిని కోస్తే లేచే ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు. ముక్కుకు మాస్కు కట్టుకుని బోల్టులు విప్పి దించడమే సరైన పద్ధతి.

దించిన డిష్‌తో మళ్లీ టీవీ చూడొచ్చా? చూడొచ్చు. ఈ పెద్ద డిష్‌లు పట్టే 4 గిగాహెర్ట్జ్ దగ్గరి సీ బ్యాండ్‌లో ఉచిత ఛానళ్లు ఇప్పటికీ వస్తాయి, వానలోనూ బొమ్మ ఆగదు. కానీ కొత్త చిక్కొకటి ఉంది. 2022 వేలంలో 3,300 నుంచి 3,670 మెగాహెర్ట్జ్ దాకా 5జీకి ఇచ్చారు. పాత ఎల్‌ఎన్‌బీలు చాలావరకు 3,400 నుంచే వినడం మొదలుపెడతాయి, కాబట్టి దగ్గర్లో 5జీ టవర్ ఉంటే వాటికి చెవుడు వచ్చేస్తుంది. 3,700 నుంచి 4,200 వరకే లోపలికి రానిచ్చే ఫిల్టరును ఎల్‌ఎన్‌బీ ముందు బిగించాలి. డీడీ ఫ్రీ డిష్ కోసమైతే ఇంత శ్రమ వద్దు. అది కేయూ బ్యాండ్‌లో చిన్న డిష్‌కే వస్తుంది. పైగా ఆ తరంగం రెండున్నర సెంటీమీటర్లే కాబట్టి పాత జాలీ కన్నాల్లోంచి చాలావరకు జారిపోతుంది.

సోలార్ పొయ్యి చేద్దామనే ఆలోచన చాలామందికి వస్తుంది. డిష్‌లతో వంట జరిగేది నిజమే. తిరుమలలో 2002లో 106 డిష్‌లు పెట్టి, ఎండతో ఆవిరి పుట్టించి వేల మందికి భోజనం వండారు. అయితే అవి అందుకోసమే రూపొందించి, సూర్యుడితో పాటు తిరిగేలా బిగించినవి. పాత టీవీ డిష్‌కు అద్దాల కాగితం అంటించి ఎండలో పెట్టడం వేరు. పదిన్నర చదరపు మీటర్ల మీద పడే ఎండ తొమ్మిది, పది కిలోవాట్లు. అందులో సగం ఒక్కచోటికి చేరినా ఎదురుగా ఉన్న దూలం అంటుకుంటుంది, అటు చూసిన కన్ను పోతుంది. టీవీ డిష్‌లకు మెరుపు లేని రంగు వేసేది అందుకే. తగిన అనుభవం ఉన్నవాళ్లు దగ్గర లేకుండా ఈ పని చేయొద్దు.

బడి కోసమైతే ఇంతకన్నా మంచి ఉపయోగం ఉంది, దానికి తుప్పు పట్టిన జాలీ డిష్ ఎంత పాతదైనా పనికొస్తుంది. ఆకాశంలో హైడ్రోజన్ వాయువు 1,420 మెగాహెర్ట్జ్ దగ్గర సన్నని రేడియో సంకేతం పంపుతూ ఉంటుంది. 1951లో హార్వర్డ్‌లో యూవెన్, పర్సెల్ దాన్ని మొదటిసారి పట్టారు. తరంగం పొడవు 21 సెంటీమీటర్లు. వంపులో సెంటీమీటరు తేడా ఉన్నా, జాలీ కన్నాలు పెద్దవైనా దానికి అడ్డు కాదు. నాభి దగ్గర పదిహేను సెంటీమీటర్ల వ్యాసం ఉన్న రేకు డబ్బా, అందులో ఒక చిన్న తీగ, ఒక యాంప్లిఫయరు, కంప్యూటర్‌కు తగిలించే చిన్న ఎస్‌డీఆర్ రిసీవరు ఉంటే చాలు. అమెరికాలో ఎంఐటీ వారి హేస్టాక్ అబ్జర్వేటరీ, 2.3 మీటర్ల టీవీ డిష్‌తోనే విద్యార్థుల కోసం చిన్న రేడియో టెలిస్కోప్‌ను రూపొందించింది. ఘానాలో కుటున్సే దగ్గర పనిలేక పడి ఉన్న 32 మీటర్ల సమాచార డిష్‌ను రేడియో టెలిస్కోపుగా మార్చి 2017లో ప్రారంభించారు. న్యూజిలాండ్‌లో వార్క్‌వర్త్ దగ్గర టెలికాం సంస్థ వదిలేసిన 30 మీటర్ల డిష్‌ను ఆక్లాండ్‌లోని ఒక విశ్వవిద్యాలయం 2010లో తీసుకుని అదే పనికి వాడింది.

ఇందుకు డిష్‌ను మళ్లీ మేడ ఎక్కించక్కర్లేదు, తిప్పే మోటారూ అక్కర్లేదు. బడి ఆవరణలో నాలుగు దిమ్మెల మీద, ముఖం తిన్నగా నడినెత్తి వైపు పెట్టి బిగిస్తే భూమే తిప్పుతుంది. న్యాల్‌కల్ దాదాపు 17.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఆ అక్షాంశం నడినెత్తి మీదుగా పాలపుంత పట్టీ రోజుకు రెండుసార్లు దాటుతుంది. ఒకసారి మిథునం, వృషభం సరిహద్దు దగ్గర, ఇంకోసారి శ్రవణ నక్షత్రానికి కాస్త ఉత్తరాన. ఆ రెండు వేళల్లో తెర మీది గీత పైకి లేస్తుంది. పట్టపగలైనా, మబ్బు పట్టినా లేస్తుంది. గీత లేచిన చోటు 1,420కి కాస్త అటో ఇటో జరిగి ఉంటే ఆ వాయువు మన వైపు వస్తోందో, దూరంగా పోతోందో పిల్లలు లెక్కకట్టవచ్చు. కేవలం వినే పరికరం కాబట్టి ఇందులో ఏదీ గాలిలోకి ప్రసారం కాదు. తిరిగి ప్రసారం చేయాలనుకుంటే మాత్రం హ్యామ్ రేడియో లైసెన్సు కావాలి.

వినడం తెలిసినవాళ్లు మాట్లాడటమూ నేర్చుకుంటారని పక్క ఝరాసంగం మండలంలోని మాచనూరు చూపించింది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో 2008 అక్టోబరు 15న 90.4 మెగాహెర్ట్జ్ మీద ప్రసారం మొదలుపెట్టింది. పల్లెలోని ఆడవాళ్లు స్టూడియో, ట్రాన్స్‌మిటర్ నడపగలిగిన ఈ ప్రాంతంలో, హైస్కూలు పిల్లలు ఒక డిష్‌ను నడపలేరనుకోవడానికి కారణమేమీ లేదు. కావాల్సిందల్లా సైన్సు టీచరు ఒకరు పూనుకోవడం, డిష్ గ్యాస్ కట్టర్ కిందికి పోకముందే ఆపరేటరుతో మాట్లాడడం.

మిగిలిన సామానుకూ లెక్క చెప్పాలి. పాత రిసీవర్లు, మాడ్యులేటర్లు, కరెంటు సప్లయి పెట్టెలు 2023 ఏప్రిల్ నుంచి అమలవుతున్న ఈ-వ్యర్థాల నిబంధనల కిందికి వస్తాయి, వాటిని చెత్తకుప్పలో కాల్చకుండా అధీకృత రీసైక్లర్లకు ఇవ్వాలి. ఎల్‌ఎన్‌బీ పనిచేస్తుందేమో రిసీవర్‌కు తగిలించి చూసి దాచుకోవాలి, పాత సీ బ్యాండ్‌వి కొత్తగా కొనాలంటే చిన్న ఊళ్లలో దొరకడం కష్టం. నిలువు పైపును మొదలంటా కోశాక స్లాబులో మిగిలే యాంకర్ బోల్టుల కన్నాలను శుభ్రం చేసి, సిమెంటులో వాటర్‌ప్రూఫ్ మందు కలిపి పూడ్చాలి. మృగశిర కార్తెకు ముందే ఆ పని అయిపోతే ఇంటి యజమాని ఇంకో పాత డిష్ ఉన్న డాబా ఎక్కడుందో తనే చెబుతాడు.